జానెడు పచ్చ వైరు

ఆ ఎండకాలం నాకు హబ్సిగూడల ఒక రేడియో టవర్‌కు ఎర్తింగ్ చేసే పని దొరికింది. పద్దెనిమిదేండ్ల నుంచి కరెంటు పని చేస్తున్న. ఇండ్లు చేసిన, రేకుల షెడ్లు చేసిన, ఫంక్షన్ హాళ్ళు చేసిన గని టవర్ ఎన్నడు ముట్టలే. నాచారంల మా హార్డ్‌వేర్ దుకాణమాయన నంబరిచ్చి, ఎవరో పెద్దామె మంచి మనిషి కావాలని అడుగుతున్నది, జర పోయి సూడు నరేందర్ అన్నడు. ఫోన్ కంపెనీ టవరేమో అనుకుంట పోయిన.

ఫోన్ కంపెనీది గాదు. ఆమె పేరు రాజేశ్వరమ్మ. సర్కారు ప్రయోగశాలల ముప్పై నాలుగేండ్లు పని చేసి రిటైరైంది. కాకినాడ దిక్కు మనిషి, పెండ్లి చేసుకోలేదు, పాత రెండంతస్తుల ఇంట్ల ఒక్కతే ఉంటది. ఇంటెనక ఖాళీ జాగల నలభై అడుగుల ఇనుప టవర్ కొత్తగ నిలబెట్టించింది. దాని నెత్తి మీద చేప ముల్లు లెక్క అల్యూమినియం కడ్డీలు. పైన గదిల రేడియో ఉన్నది. లైసెన్సు తీసుకొని, తన లెక్క రేడియోలున్నోళ్ళతోని దేశమంత మాట్లాడ్తదట. హామ్ రేడియో అంటరట దాన్ని. తుఫాన్లు వచ్చి ఫోన్లన్నీ బందైన కాడ వీళ్ళ రేడియోలే పనికొస్తయని చెప్పింది. వానలు మొదలయ్యేలోపట ఎర్తింగ్ అయిపోవాలె, అదొక్కటే ఆమె షరతు.

నేను ఒక్క రోజు పని అనుకున్న. ఒక గుంత, ఒక పైపు, ఇంత ఉప్పు, ఇంత బొగ్గు. ఆమె కాయితం తీసి నా ముందల పెట్టింది. టవర్ మూడు కాళ్ళ కాడ మూడు గుంతలు. మూడింటిని కలుపుకుంట భూమిల రాగి పట్టీ. ఆ పట్టీ అక్కడ ఆగొద్దు, ఇంటి మీటర్ కాడున్న ఎర్త్ దాంక పోయి దాంట్ల కలవాలె. పై నుంచి రేడియో గదిలకు దిగే కేబుల్ గోడ దాటకముందే బయట ఒక రాగి పలకకు కట్టాలె.

నాకు సమజ్ గాలేదు. టవర్ ఎర్త్‌ను ఇంటి ఎర్త్‌తోని కలిపితే పిడుగు సక్కగ ఇంట్లకే వస్తది గదమ్మా అన్న.

"విడివిడిగా ఉంచితేనే వస్తుంది నరేందర్," అన్నది. "పిడుగు పడ్డ క్షణంలో టవర్ కింద నేల ఒకలా ఉంటుంది, మీటర్ కింద నేల ఇంకోలా ఉంటుంది. రెంటికీ మధ్య నా రేడియో ఉంది, నేనున్నాను. ఆ తేడా మాలోంచి పోతుంది. అన్నీ కలిపి కట్టేస్తే అన్నీ కలిసే పైకి లేస్తాయి, కలిసే దిగుతాయి. మధ్యలో ఉన్నవాళ్ళకి ఏమీ తెలీదు."

ఏప్రిల్ల మొదలుపెడితె గుంతలకు, పట్టీకే ఎనిమిది రోజులు పట్టింది. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం, ఏడ తవ్వినా రెండడుగులు మొరం, దానికింద బండ. ఇద్దరు కూలోళ్ళను పెట్టి, డ్రిల్లింగ్ మిషన్ తెప్పించి, బండల పది అడుగుల బొక్కలు కొట్టించిన. ఆమె గొడుగేసుకొని కుర్చీల కూసునేది. ఒక పాత మీటర్ ఉండె ఆమె కాడ. దాని వైర్లకు రెండు మేకులుంటయి. అవి దూరం దూరం భూమిల గుచ్చి కొలిస్తె, ఆ ఎర్త్ కరెంటును భూమిలకు పోనీకుండ ఎంత ఆపుతదో అంకె చూపిస్తది. అంకె ఎంత తక్కువుంటె అంత మంచిది. మొదటిసారి పదకొండు చూపించింది. నేను చాలనుకున్న. అయిదు లోపల రావాలన్నది. మూడో బొక్క మళ్ళ కొట్టించిన, బొక్కల పోసే పొడి మార్చిన, పట్టీ జాయింట్లు మళ్ళ బిగిచ్చిన. నాలుగున్నర వచ్చినప్పుడు కుర్చీల నుంచి లేచి, లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చిచ్చింది.

ఆ ఎనిమిది రోజులు పనికన్న ఎక్కువ నన్ను ఇంకొకటి తిప్పలు పెట్టింది. ప్లగ్గుల మూడు పిన్నులుంటయి గద, అండ్ల పెద్దది ఎర్త్ పిన్ను. దాని నుంచి వైరు భూమిలకు పోవాలె. ఫ్రిజ్జుకో మిషన్‌కో లోపల కరెంటు లీకైతే, ముట్టుకున్న మనిషిలకెల్లి గాకుండ ఆ వైరులకెల్లి భూమిలకు పోతది. గని మా దిక్కు బండ. గుంత తవ్వుడు కష్టం. అందుకని బోర్డుల కరెంటు వాపస్ పోయే న్యూట్రల్ తీగ నుంచి ఎర్త్ పిన్నుకు జానెడు పచ్చ వైరు కలిపేస్తం. జంపర్ అంటం దాన్ని. బల్బు పెట్టి సూస్తె వెలుగుతది. ఇంటాయన సూస్తడు, ఇంజినీర్ సూస్తడు, అంత సక్కగున్నట్టే కనవడ్తది. భూమిలకు పోయే తీగ మాత్రం ఉండదు. నాకు పని నేర్పిన ఉస్తాద్ బాలరాజు అట్లనే చేసేటోడు. నేను గూడ అట్లనే చేసిన, ఒక్క ఇల్లు రెండిండ్లు గాదు.

ఒకరోజు మేకులు పీకుతుంటె రాజేశ్వరమ్మ ఊకెనే అడిగింది. "మీ ఇంట్లో ఎర్తింగ్ ఎలా ఉంది నరేందర్?"

"మంచిగనే ఉందమ్మా."

"కొలిచావా?"

"కొలిచిన," అన్న.

అబద్ధమాడుతున్ననని గూడ అనిపియ్యలేదు. నోట్లకెల్లి దానంతట అదే వచ్చింది.

మేముండేది నాచారంల, ఒక మూడంతస్తుల బిల్డింగుల రెండో అంతస్తు. ఆ బిల్డింగు వైరింగ్ నేనే చేసిన, తొమ్మిదేండ్ల కింద. తర్వాత రెండేండ్లకు ఇల్లు కావాలని తిరుగుతుంటె, ఓనరు తెలిసినోడివే గద అని రెండు గదులిచ్చిండు. నేను, నా భార్య దీప. మా బిడ్డ అమూల్య హాస్టల్ల ఉండి చదువుతది. దీప ఇండస్ట్రియల్ ఏరియాల గార్మెంట్ కంపెనీల పని చేసేది. చొక్కా కాలర్లు కుట్టే మిషన్ ఆమెది. పొద్దుగాల తొమ్మిదింటికి పోతె సాయంత్రం అయిదింటికి వచ్చేది.

జూన్ మొదటి వారంల మొదటి గాలివాన వచ్చింది. ఆ రోజు రాజేశ్వరమ్మ ఇంట్ల, కేబుళ్ళు ఆలస్యంగ వచ్చి ఆగిపోయిన ఆఖరి పని, గోడ కాడ రాగి పలకకు కేబుళ్ళు బిగించుడు, మూడు గంటలకే అయిపోయింది. మబ్బు పట్టింది, కాసేపు ఆగి పొమ్మన్నది. వరండల కూసున్నం. గాలి లేచింది, రోడ్డు మీది ఫ్లెక్సీలు చినిగిపోతున్నయి. నాలుగున్నరకు ఒక పిడుగు పడ్డది. తెల్లగ కండ్లు మూసుకపోయినయి, ఆ వెంటనే చప్పుడు, ఇల్లంత అదిరింది. టవర్ మీదనే పడ్డదో పక్కన పడ్డదో మేము సూడలేదు. చుట్టుముట్టు ఇండ్ల నుంచి అరుపులు. పక్కింటాయన గోడ మీది నుంచి, టీవీ పోయింది, ఇంటర్నెట్ డబ్బా పోయింది అని చెప్పిండు. ఎదురింట్ల మోటర్ కాలిపోయిందట.

వాన తగ్గినంక మేమిద్దరం మీదికి పోయి సూసినం. పలక కాడ జాయింట్లు సక్కగున్నయి. రాజేశ్వరమ్మ రేడియోకు కేబుల్ పెట్టి స్విచ్ వేసింది. కొంచెంసేపు గరగర అన్నది, తర్వాత అండ్లకెల్లి ఎవరిదో గొంతు వచ్చింది. ఒంగోలు కాడ ఎవరో తన ఊర్ల ఎండ ఎట్లున్నదో చెప్తున్నడు. ఆమె నా దిక్కు సూసి తలూపింది. నా పని గురించి నాకంత సంబురం ఎన్నడు గాలేదు. ఇరవై ఏండ్ల దాంక ఆ మూడు గుంతలు అట్లనే ఉంటయనుకున్న.

ఫోన్ మోగింది. కింది పోర్షన్‌ల ఉండే కావ్య. అన్నా, దీపక్కకు షాక్ కొట్టింది, ఆటోల తీసుకపోతున్నం, నువ్వు సీద దవాఖానాకే రా అన్నది.

జరిగింది నాకు కావ్య చెప్పింది. గాలికి గల్లీల చెట్టు కొమ్మ విరిగి కరెంటు వైర్ల మీద పడ్డది. ఇండ్లల్ల లైట్లు పోయినయి. అప్పుడే పని నుంచి వచ్చిన దీప, కిటికీలకెల్లి వానజల్లు కొట్టి నీళ్ళు ఇంట్లకొస్తున్నయని తుడుస్తున్నది. నీళ్ళు ఫ్రిజ్జు కిందికి పోతున్నయి. కరెంటు ఎట్లైనా లేదు గదాని, దాన్ని జరుపుదామని ఫ్రిజ్జు వెనక ఇనుప జాలీ కుడిచేత్తోని పట్టుకున్నది. కాళ్ళ కింద తడి. చెయ్యి అతుక్కపోయింది. ఆమె నోట్లకెల్లి వచ్చిన సప్పుడు మనిషి సప్పుడు లెక్క లేదట. కావ్య మీదికి ఉరికొచ్చి, చేతికందిన ప్లాస్టిక్ కుర్చీతోని ఆ చేతి మీద కొట్టింది. రెండోసారికి చెయ్యి ఊడింది. కరెంటు లేదు, లైట్లు లేవు, ఎట్ల కొట్టిందన్నా అని కావ్య నన్నే అడిగింది. నేను కరెంటోన్ని గద.

నాకు అప్పుడే ఎరుకైంది. దవాఖానా మెట్ల మీద నిలబడి కావ్య చెప్తున్నది ఇంటుంటెనే ఎరుకైంది. కావ్యకు మాత్రం, ఏమో అన్న.

దీప బతికింది. రెండు రోజులు గుండెను సూసుకుంట ఉంచుకున్నరు. అరచేతిల, రెండు వేళ్ళల్ల నల్లగ కాలింది. కట్టు కట్టిన్రు. నాలుగో రోజు ఇంటికి తెచ్చుకున్న.

ఆ రోజు మధ్యాహ్నం ఆమె పండుకున్నంక కిందికి పోయి మీటర్ బోర్డు ఇప్పిన. లైన్‌మెన్ అప్పటికే వచ్చి పోయిండు. కొమ్మ పడి మన బిల్డింగుకొచ్చే న్యూట్రల్ తీగ తెగింది, కరెంటొచ్చే ఫేజు తీగ తెగలేదు, గాలికి ఎవలేం చేస్తరు అని చెప్పిపోయిండట. ఓనరు గూడ అదే అన్నడు. మా బావ ఫోన్ చేసి అదే అన్నడు. అందరు గాలినే తిట్టిన్రు, నన్ను సూసి పాపమన్నరు.

బోర్డుల నా పచ్చ వైరు ఉన్నది. జానెడే ఉంటది. కొసలు మూడు సుట్లు తిప్పి లోపలికి మడిచి ఉన్నయి. అట్ల మడిచేది నేనే, ఇంకెవరు మడవరు. కరెంటు ఒక తీగల నుంచి ఇంట్లకొచ్చి, న్యూట్రల్ నుంచి వాపస్ పోతది. బయట న్యూట్రల్ తెగినంక వాపస్ పోయే తొవ్వ లేదు. అది నా జంపర్ మీదికెల్లి ఎర్త్ పిన్నులకు ఎక్కి, ఇంట్లున్న ప్రతి ఇనుప వస్తువు మీద కూసున్నది. ఆ వైరు లేకపోతె లైట్లు పోయేటియి, అంతే. ఫ్రిజ్జు ఒట్టి ఇనుము లెక్క ఉండేది.

మెయిన్ బంద్ జేసి దాన్ని కత్తిరిచ్చిన. జేబుల పెట్టుకున్న.

ఎవరికి తెల్వది. తెలిసే తొవ్వ గూడ లేదు. మెట్లెక్కుకుంట అదే అనుకున్న, మూడు రోజులు అదే అనుకున్న. నాలుగో రోజు మధ్యాహ్నం దీపకు అన్నం తినిపిస్తున్న. కుడి చెయ్యి కట్టుల ఉన్నది. ఎడమ చేత్తోని తినబుద్ధి కాదంటె నేనే కలిపి పెడ్తున్న. టమాట పప్పు. నాలుగు ముద్దలు తిన్నంక చెప్పిన. వైరు సంగతి, ఎందుకు పెట్టిన సంగతి, న్యూట్రల్ తెగితె ఏమైతదో నాకు ముందుగాల్నే ఎరుకున్న సంగతి. ఎరుకుండి గూడ, తెగుతదా ఏంది అనుకున్న సంగతి.

దీప నోట్ల ముద్ద నమిలి మింగింది.

"తీసేసినవా?"

"తీసేసిన."

"ఇంకెన్ని ఇండ్లల్ల ఉన్నయి?"

నాకు తెల్వదన్న.

"తెల్వదంటె ఎట్ల. నువ్వే గద పెట్టింది," అన్నది. గొంతు పెంచలేదు. కొంచెం నీళ్ళు తాగి, పప్పు ఇంక వద్దు, పెరుగన్నం కలుపుమన్నది.

ఆ వారమంత గుర్తు చేసుకునుడే అయింది. అమూల్య పాత నోట్‌బుక్కుల వెనక పేజీల రాసిన. నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ, ఉప్పల్, రామంతాపూర్, నారపల్లి కాడ ఒక వెంచర్ల పన్నెండు ఇండ్లు. నాకు బిల్డర్ల పేర్లు యాదికుంటయి, దీపకు ఆ దినాలు యాదికుంటయి. అమూల్యకు జ్వరమొచ్చినప్పుడు నువ్వు ఉప్పల్ల డాబా ఇల్లు చేస్తుంటివి, గది రాయలే అనేది. అరవై ఒకటి తేలినయి. ఉస్తాద్‌తోని కలిసి చేసినయి ఇంక కొన్ని ఉంటయని, ఆయన ఇంటికి పోయి అడిగిన. బాలరాజు అంత విని, నేను నేర్పిన పనిని తప్పంటున్నవా నరేందర్ అన్నడు. నా చేతుల మీద వెయ్యి ఇండ్లయినయి, ఎవడు సచ్చిండు అన్నడు. దీప చెయ్యి సంగతి చెప్పిన. అది గాలిది అన్నడు. ఆ రోజు నుంచి నా ఫోన్ ఎత్తుతలేడు. ఇప్పటిదాంక మాట్లాడలే.

రాజేశ్వరమ్మ కాడికి పోయి గూడ చెప్పిన. ఆమె తిడ్తదనుకొని, తిట్టినంక మనసు జర తేలికైతదనుకొని పోయిన. ఆమె తిట్టలేదు.

"ఏప్రిల్లో అడిగాను నిన్ను," అన్నది.

తర్వాత లోపలికి పోయి మీటర్ తోలు సంచి తెచ్చి నా ముందల పెట్టింది. జంపర్ తీసేస్తె పని అయిపోదని, ఒక్కో ఇంటికి నిజమైన ఎర్త్ గుంత కావాలని, దానితోపాటు లీకేజ్ బ్రేకర్ గూడ పెట్టాలని, జర కరెంటు పక్కకు పోయినా మెయిన్ అదే పడిపోతదని, అంత కాయితం మీద గీసి చెప్పింది. ఇప్పుడు వానల్లో కొలిస్తె నేల తడిగుండి అంకె తక్కువ చూపిస్తది, ఎండకాలం ప్రతి ఇంటికి మళ్ళ పోయి కొలవాలన్నది. మీటర్ ఎప్పుడు వాపస్ తేవాలని అడిగితె, పనయ్యాక అన్నది.

కట్టు ఇప్పినంక దీప చూపుడు వేలు, నడిమి వేలు వంగుతున్నయి గని వాటికి స్పర్శ లేదు. మిషన్ మీద గుడ్డను సూది కిందికి తోసేది ఆ రెండు వేళ్ళే. కంపెనీకి పోయి నాలుగు రోజులు ప్రయత్నం చేసింది. అయిదో రోజు సూది వేలుల దిగినా తెల్వలేదట, కాలర్ మీద రక్తం సూసి ఎవలదని అడిగిందట. ఇంటికి వచ్చి, టిఫిన్ డబ్బా కడిగి బోర్లిచ్చి, రేపటి నుంచి పోనన్నది. పదకొండేండ్లు చేసిన పని. ఏడ్వలేదు. ఏడ్చినా బాగుండు అనుకున్న.

జులైల నేను ఇండ్లకు పోవుడు మొదలుపెట్టిన. మొదటి వారం ఏడు ఇండ్లకు పోతె ఇద్దరే లోపలికి రానిచ్చిన్రు. తొమ్మిదేండ్లు మంచిగ నడిచింది గద, ఇప్పుడేమైంది అంటరు. గోడ పెయింటు ఖరాబైతదంటరు. కొత్త పని దొరకక మళ్ళ వచ్చినవా అని ఒకాయన గేటు కాడనే అన్నడు. నా మెహనత్ పైసలు వద్దు, సామాన్ మీరు తెచ్చుకోండ్రి అన్నా నమ్మలేదు. రెండో వారం దీప నేను వస్తనన్నది. ఇంట్ల కూసుంటె పిచ్చి లేస్తున్నదని, మీటర్ సంచి ఎడమ భుజాన ఏసుకొని స్కూటర్ ఎక్కింది.

ఆమె మొగోళ్ళతోని మాట్లాడలేదు. ఇంటామెను పిలిచి, అమ్మా, బట్టల మిషన్ ముట్టుకుంటె జివ్వుమంటదా అని అడిగేది. గీజర్ ఏస్తె నల్లా ముట్టుకున్నప్పుడు చీమ కుట్టినట్టు ఉంటదా అని అడిగేది. అడిగిన పదిమందిల ఆరుగురు అవునన్నరు. చెప్పులేసుకొని ముట్టుకుంట అని ఒకామె, పిల్లలను దగ్గరికి రానియ్య అని ఒకామె. ఇన్ని దినాలు ఇంట్ల చెప్తె ఎవలు పట్టించుకోలేదని ఒకామె మొగని ముందల్నే అన్నది. అప్పుడు తలుపులు తెరుచుకున్నయి. నేను బండ కొట్టిస్తుంటె దీప లోపల కూసొని, కరెంటు పోయినప్పుడు ఇనుము ముట్టొద్దని, మెయిన్ ఎట్ల బంద్ జెయ్యాల్నో ఇంటామెకు చేసి చూపించేది. మీటర్ మేకులు గుచ్చుడు, అంకె సదువుడు నెలరోజుల్ల నాకన్న మంచిగ నేర్చుకున్నది.

నారపల్లి వెంచర్ బిల్డర్ మాత్రం, నా ఇండ్ల పేరు బద్నాం జేస్తవా అని నన్ను లోపలికే రానియ్యలేదు. అప్పటిదాంక నాకు సగం పని ఆయన కాడినుంచే వచ్చేది, అది బంద్ అయింది. దీప ఆ ఇండ్లల్ల ఉండేటోళ్ళ నంబర్లు ఒక్కొక్కటి సంపాదించి ఫోన్లు చేసింది. పన్నెండు ఇండ్లల్ల అయిదుగురు ఆదివారం రమ్మన్నరు.

అన్ని ఇండ్లల్ల నేను చెప్పేది ఒక్కటే. ఇది పాత పద్ధతి, ఇప్పుడు రూల్ మారింది. వైరు ఎవరు పెట్టిన్రని అడిగినోళ్ళు తక్కువ. అడిగితె, అప్పుడు అందరు అట్లనే చేసేటోళ్ళు అని మాట దాటేసేటోన్ని. దీప పక్కన నిలబడి వినేది.

ఆగస్టుల ఒక సాయంత్రం ఉప్పల్ రింగ్ రోడ్ కాడ వాన పట్టుకున్నది. మెట్రో పిల్లర్ కింద స్కూటర్ ఆపిన. మా లెక్కనే ఇంక పదిమంది బండ్లు పెట్టుకొని నిలబడ్డరు. దీప మీటర్ సంచి తడవకుండ కొంగు కప్పింది.

"రూల్ ఎప్పుడు మారింది?" అని అడిగింది.

నేను సీటు మీది నీళ్ళు తుడుచుకుంట నిలబడ్డ. వాన తగ్గేదాంక అర్ధగంట నిలబడ్డం. ఆమె మళ్ళ అడగలేదు. ఇంటికి పోయినంక గూడ అడగలేదు.

బతుకమ్మ ఇంక వారం ఉన్నదనంగ మల్లాపూర్ల పాండురంగ సార్ ఇంటికి పోయినం. రైల్వేల పని చేసి రిటైరైన మనిషి. ఆయన ఇల్లు కట్టేటప్పుడు వైరింగ్ నేనే చేసిన, ఆరేండ్లయింది. నన్ను గుర్తుపట్టలేదు. వరండల నిలబెట్టి, ఏం సంగతని అడిగిండు. చెప్పిన. ఆయన మెకానికల్ మనిషి, సగం మాటలకే సమజైంది. బోర్డు తెరిపిచ్చి, కండ్లద్దాలు పెట్టుకొని వంగి సూసిండు. వైరు కొసలు మూడు సుట్లు తిప్పి మడిచి ఉన్నయి.

"లోపల మా కోడలు పసిపిల్లను ఎత్తుకొని తిరుగుతది," అన్నడు. "ఎవడు పెట్టిండు గిది?"

దీప నా దిక్కు సూడలేదు. సంచి జిప్పు సవరిస్తున్నది.

"నేనే పెట్టిన సార్," అన్న.

ఆయన కండ్లద్దాలు తీసి నన్ను సూసిండు. లోపల మిక్సీ నడుస్తున్న సప్పుడు ఆగిపోయింది, కోడలనుకుంట, తలుపు కాడికి వచ్చి నిలబడ్డది.

నేను ఆగలేదు. అరవై ఒక్క ఇండ్లల్ల పెట్టిన, తెలిసే పెట్టిన, జూన్ల మా ఇంట్ల న్యూట్రల్ తెగి నా భార్య చెయ్యి పోయింది, అప్పటినుంచి తీసుకుంట తిరుగుతున్న అని చెప్పిన. అన్ని దినాలు ఏ ఇంట్ల చెప్పనిది ఆ వరండల ఒక్కసారే చెప్పిన.

"తెలిసి పెట్టినవంటున్నవ్," అన్నడు పాండురంగ సార్. "మళ్ళ నా బోర్డు నీ చేతికి ఎట్లియ్యాలె? ఇంకో మనిషిని పిలిపిచ్చుకుంట. నువ్వు పో."

ఆయన అన్నదాంట్ల తప్పు లేదు. నేను దీప భుజాన ఉన్న సంచి అందుకోబోయిన.

దీప ఇయ్యలేదు. సంచి భుజాన అట్లనే పెట్టుకొని, కుడిచెయ్యి ముందుకు చాపింది. కాలిన వేళ్ళు చూపించేటందుకు గాదు, బోర్డు దిక్కు చూపుకుంట మాట్లాడింది. మీ ఇంట్ల మూడు బోర్డులున్నయి సార్, వంటింట్ల ఒకటి, మీద ఒకటి అన్నది. వేరేటోడు వస్తె కింది బోర్డుల ఒక్కటి తీసి పోతడు.

"ఎక్కడెక్కడ పెట్టిండో ఈయనకే ఎరుక," అన్నది.

పాండురంగ సార్ ఆమెను సూసిండు, ఆమె వేళ్ళను సూసిండు. కోడలు వెనక నుంచి, మామయ్యా, గీజర్ కాడ జివ్వుమంటదని నేను మీకు చెప్పిన గద అని నిమ్మళంగ అన్నది. ఆయన గోడకు ఆనుకొని మాకు తొవ్వ ఇడిచిండు.

నేను మెయిన్ బంద్ జేసిన. దీప సంచిల నుంచి మీటర్ తీసి, మేకులు పట్టుకొని, ఇంటెనక మెత్తటి నేల ఏడున్నదో సూసేటందుకు పోయింది.